కప్పు లేని ఇంట్లో పాలు పొంగించాం

ప్రభుత్వం దగ్గర మా ఇల్లు పూర్తయిపోయింది. మా దగ్గరే ఇంకా కాలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు బోధపడటానికి చాలా కాలం పట్టింది. బోధపడ్డాక నోట్లో మిగిలిన చేదు ఇప్పటికీ పోలేదు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ మరుసటి ఏడే నాట్లలోకి పంపేశారు. అయినా అక్షరాలు మర్చిపోలేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేము ఉండేది కాలువ గట్టు మీద. నేను కాపురానికి వచ్చేనాటికే మా మామగారు అక్కడ తాటాకు పాక వేసి ఉన్నారు. ఆ పాకలోనే కొడుకుని కన్నాను, ఆ పాకలోంచే మా ఆయన్ని సాగనంపాను. రెండేళ్లకోసారి ఆకు మార్చుకుంటూ, వాసాలకి చెద పట్టకుండా చూసుకుంటూ నెట్టుకొచ్చాం. గట్టు మాది కాదని, ఏనాడైనా లెమ్మంటే లేవాల్సిందేనని అందరికీ తెలుసు. అందుకే ఊరి చివర నా పేరు మీద స్థలం వచ్చిందన్నప్పుడు, జీవితంలో మొదటిసారి, సాయంత్రం పూట అంగట్లో కొన్న మిఠాయి తిన్నాను.

ఆ స్థలం ఒకప్పుడు నేను నాట్లు వేసిన చేనే. కాలు పెడితే మోకాలిదాకా దిగిపోయే నల్లమట్టి. మా అబ్బాయి తాపీ పనివాడు. పగలు ఊళ్లోవాళ్ల ఇళ్లు కట్టి, పొద్దువాలాక మా స్థలంలో మెరక తోలేవాడు. కూల్చిన ఇళ్ల దగ్గర ముక్కలైన ఇటుకలు నేనే ఏరుకొచ్చి పునాదిలో వేయించాను. వంగిన మేకులు రాయి మీద పెట్టి సాపు చేశాను. ప్రభుత్వం ఇచ్చిన సిమెంటు బస్తాల కింద వరిగడ్డి పరిచి, పైన టార్పాలిన్ బరకం కప్పి, ఒక్క బస్తా కూడా గట్టిపడనివ్వలేదు. టీ మానేశాను. కోడలు కొబ్బరినూనె ఎక్కువ పోస్తే కూడా కేకలేశాను. ఆ సంగతి అదిప్పటికీ ఎత్తుతూనే ఉంటుంది.

ప్రభుత్వం డబ్బు దశల వారీగా ఇస్తుంది. పునాది లేచాక ఒక బిల్లు, గోడలు లేచి గుమ్మాల పైన లింటెల్ పడ్డాక ఇంకొకటి, శ్లాబు వేశాక మరొకటి, అన్నీ అయ్యాక చివరిది. ప్రతి దశలోనూ గ్రామ సచివాలయం నుంచి ఇళ్ల పని చూసే ఇంజనీరు అమ్మాయి వచ్చి, నన్ను ఇంటి ముందు నిలబెట్టి ఫోనులో ఫొటో తీసుకునేది. పునాది బిల్లు పడింది. లింటెల్ వేశాం, దానితో పాటే ముందువైపు గుమ్మం మీద నీడకి సజ్జ కూడా పోశాడు మా అబ్బాయి. ఫొటో తీసుకెళ్లారు. ఆ బిల్లు పడలేదు. శ్లాబుకి ఇనుము కావాలి, కంకర కావాలి, పదిమంది కూలీలు కావాలి. బిల్లు పడితేగాని అవి రావు. మా గోడలు ఆకాశం కేసి నోరు తెరుచుకుని అలా నిలబడిపోయాయి.

ఇంట్లో ఇంకో ఆదాయం ఉందనుకుంటే అదీ అంతే. మా కోడలు పంచాయతీలో పారిశుధ్య కార్మికురాలు. తెల్లవారుతూనే చీపురు పుచ్చుకుని వెళ్లి వీధులూడ్చి, కాలవలు తోడి, పొద్దెక్కాక వచ్చేది. నెలలు నెలలుగా జీతం లేదు.

"అడిగావా?" అన్నాను ఒకరోజు.

"అడిగానత్తా. పై నుంచి రావాలంట."

"పైనంటే ఎక్కడ?"

"నాకేం తెలుసు. వాళ్లనడిగితే వాళ్లకి కూడా తెలీనట్టే చూస్తున్నారు."

"జీతం లేకపోతే మానెయ్యి."

"మానేస్తే రావాల్సింది కూడా పోద్దత్తా."

మా ఇంటి సంగతీ అదే. ఆపేస్తే రావాల్సింది పోతుంది. ఆపకపోతే చేతిలో ఉన్నది పోతుంది.

ఇలా ఉండగా ఒక పెద్ద నాయకుడు మా స్థలాలున్న లే అవుట్‌కి వస్తున్నారని కబురొచ్చింది. పూర్తయిన ఇళ్లకి సామూహిక గృహప్రవేశం చేయిస్తారట. ఎవరివో పూర్తయ్యాయేమో, మనకెందుకులే అనుకున్నాను. ఆ సాయంత్రం పంచాయతీ సెక్రటరీగారూ, ఇంజనీరు అమ్మాయీ పాక దగ్గరికి వచ్చారు.

"మామ్మగారూ, శుక్రవారం పొద్దున్న మీరు పాలు పొంగించాలండి" అంది ఆ అమ్మాయి.

"ఎక్కడమ్మా?"

"మీ కొత్తింట్లోనండి."

"దానికి కప్పేదమ్మా?"

ఆ పిల్ల నేల చూపులు చూసింది. "ఫొటో ముందు నుంచి తీస్తానండి. సజ్జ ఉంది కదా, ముందు గోడకి రంగేయిస్తాం. పైన ఏముందో ఫొటోలో తెలీదండి."

"మూఢం నడుస్తోంది. మూఢంలో గృహప్రవేశం ఎవరు చేస్తారు?"

సెక్రటరీగారు నవ్వారు. "ఫొటోకి మూఢం ఏంటండి మామ్మగారూ."

"పోనీ నేను పొంగించకూడదండి. మా ఆయన లేరు. పొంగించేది కోడలు."

"ఇల్లు మీ పేరు మీదుంది కదండీ. ఫొటోలో మీ మొహమే ఉండాలి. లేకపోతే యాప్ తీసుకోదు."

నాకు నచ్చలేదని వాళ్లకి అర్థమైంది. అప్పుడు ఆ అమ్మాయి నా పక్కన గట్టు మీద కూర్చుని మెల్లగా చెప్పింది. పూర్తయినట్టు ఎక్కిస్తే ఆగిపోయిన బిల్లూ, మిగతావీ కలిపి ఒకేసారి పడతాయట. ఎక్కించకపోతే పని కదలని ఇళ్ల కింద రాసి రద్దు చేస్తారట. తనకి అలాగే చెప్పారట. ఆ పిల్ల అబద్ధం చెప్పిందని నేనిప్పటికీ అనుకోను. తనకెవరో చెప్పిన అబద్ధాన్ని తెచ్చి నాకిచ్చింది, అంతే.

వెళ్తూ వెళ్తూ సెక్రటరీగారు మా కోడలి వైపు తిరిగారు. "నీ జీతం సంగతి పైకి రాయాల్సింది నేనే కదమ్మా. మరి మీరూ కాస్త సహకరించాలి."

కోడలు నా మొహం చూసింది. నేను సరేనన్నాను.

శుక్రవారం తెల్లవారేసరికి మా ఇంటి ముందు గోడకి లేత పసుపు రంగు పడింది. పక్క గోడలకి పడలేదు, వెనక గోడకి సున్నం కూడా లేదు. గుమ్మానికి ఎవరో మామిడాకులు కట్టారు. లోపల నేనే మూడిటుకలు పెట్టి పొయ్యి రాజేశాను. కొత్త గిన్నె కొనమన్నారుగాని నేను కొనలేదు. పెళ్లిలో మా పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి గిన్నె తోముకుని తీసుకెళ్లాను. కోడలి చేత పొంగిద్దామంటే అది ఇంట్లో లేదు. నాయకుడి కార్లు వచ్చే దారి ఊడ్చి, రెండు పక్కలా ముగ్గుపిండిలా బ్లీచింగు చల్లమని రాత్రే కబురు పెట్టారు. జీతం లేని చేత్తో ఆయనకి దారి వేస్తోంది మా కోడలు. పసుపు కుంకుమలు లేని చేత్తో ఆయన కోసం పాలు పొంగిస్తున్నాను నేను.

పాలు పొంగాయి. మామూలుగా పాలు పొంగితే ఇంట్లో ఒక మురిపెం ఉంటుంది. తూర్పుకి పొంగిందా, పడమటికి పొంగిందా అని చూసుకుంటాం. ఆ రోజు ఎవరూ చూడలేదు. తల పైకెత్తితే ఎండ నేరుగా కళ్లలో పడింది. "మామ్మగారూ, గిన్నె పట్టుకుని గుమ్మంలోకి రండి. ఇంకాస్త సజ్జ కిందకి. నవ్వండి" అంది అమ్మాయి. గిన్నె పట్టుకున్నాను. నవ్వలేదు.

నాయకుడు మా వీధిదాకా రాలేదు. లే అవుట్ మొదట్లో ఒక ఇల్లుంది, దానికి నిజంగానే శ్లాబుంది. అక్కడ రిబ్బను కత్తిరించి, మైకులో మాట్లాడి, వెళ్లిపోయారు. మాట్లాడినంతసేపూ ఇళ్లు పూర్తయ్యాయనే చెప్పారు. చప్పట్లు కొట్టినవాళ్లలో మా వీధివాళ్లూ ఉన్నారు.

కార్లు వెళ్లాక సెక్రటరీగారు వచ్చి, "అయిపోయిందండి, ఇంక వెళ్లొచ్చు" అన్నారు. పాలు వీధి పిల్లలకి పోసేశాను. మా అబ్బాయి పొయ్యి ఇటుకలు తీయబోయాడు.

"ఉంచు" అన్నాను.

"ఎందుకమ్మా?"

"పాలు పొంగించిన ఇంటిని ఆ పూటే చీకటి చేసి వెళ్లిపోకూడదు. మూడు నిద్రలు చెయ్యాలి."

"అమ్మా, అది ఫొటో కోసం పొంగించింది."

"ఆ సంగతి పాలకి తెలీదురా. పొంగమంటే పొంగాయి."

వాడు విసుక్కున్నాడు. తర్వాత వెళ్లి చాప, దీపపు బుడ్డి, మంచినీళ్ల బిందె తెచ్చాడు. వరికుప్ప మీద కప్పే బరకం నేను పడుకునే మేరకు గోడల మీంచి అడ్డంగా లాగి కట్టాడు. నేను మొండితనం కొద్దీ ఉన్నానని వీధిలో అనుకున్నారు. నిజానికి నాకు భయమేసింది. కాపురం మొదలుపెట్టి దీపం ఆర్పేసిన ఇల్లు నిలవదని మా అత్తగారు చెబుతుండేవారు. డబ్బుతో, చెమటతో, నోరు కట్టుకుని లేపిన గోడలు. వాటిని ఎవరి ఫొటో కోసమో పాడుపెట్టుకోలేను.

పక్క స్థలంలో ఇల్లు మొదలుపెట్టిన నా ఈడు మనిషి, వదినా వదినా అని పిలుచుకుంటాం, గట్టు మీద పాకకి వెళ్లబోతూ కిటికీ సందులోంచి తొంగి చూసింది. వాళ్లదీ లింటెల్ దగ్గర ఆగిన ఇల్లే, వాళ్ల చేతా పాలు పొంగించారు.

"ఏం వదినా, చుక్కలు బాగా కనపడుతున్నాయా?"

"నీకూ అవే చుక్కలు. నువ్వు గట్టు మీద నుంచి చూస్తావు, నేను నా ఇంట్లోంచి చూస్తాను."

"నీ ఇల్లట. రేపు వానొస్తే నీళ్లు మోసుకోనక్కర్లేదు నీకు."

నవ్వుకుంది. నాకూ నవ్వొచ్చిందిగాని దానికి కనపడనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే సెక్రటరీగారు బండి ఆపారు. "ఏంటి మామ్మగారూ, ఇక్కడున్నారు?"

"గృహప్రవేశం అయింది కదండీ. ఇంకెక్కడుంటాను?"

"అది కాదండి. కప్పు లేకుండా ఇక్కడుంటే ఎవరైనా చూస్తే మాకు మాటొస్తుంది."

"చూస్తే మాటొచ్చే ఇంటిని ఫొటో ఎందుకు తీశారండి?"

ఆయన బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత మా వీధి వైపు రావడం మానేశారు.

మూడు నిద్రలూ అయ్యాక పాకకి వెళ్లిపోదామనే అనుకున్నాను. బిల్లు పడితే శ్లాబు వేసుకుని మంచి రోజు చూసుకుని వద్దాం, నియమం తప్పలేదు కదా అని. బిల్లు పడలేదు. పడకపోగా కాలువ గట్టు బాగుచేసేవాళ్లు తవ్వే యంత్రం తెచ్చారు. గట్టు మీద పాకలన్నీ ఒకేసారి తీయలేదు. ఇళ్లు పూర్తయినవాళ్ల పాకలు ముందు తీయమని వాళ్లకి చెప్పారట.

"మా ఇల్లు పూర్తవలేదు బాబూ" అన్నాను, యంత్రంతో వచ్చిన మనిషితో.

అతను ఫోను చూసుకున్నాడు. "పూర్తయిందనే ఉందండి. గృహప్రవేశం ఫొటో కూడా ఉంది. ఇదిగో, మీరే కదా?"

నేనే. చేతిలో మా పుట్టింటి ఇత్తడి గిన్నె, నెత్తి మీద సజ్జ, మొహంలో నవ్వు లేదు. కాదని ఎలా అనను?

"వాసాలు తీసుకునేదాకా ఆగు" అన్నాను. ఆగాడు. అతని వల్ల జరిగిన ఆ మేలు దాచను. దూలం, వాసాలు, తలుపు విప్పుకున్నాం. మిగతాది యంత్రం ఒక్క పట్టున తీసి అవతల పడేసింది. మా మామగారు తన చేత్తో మెత్తిన మట్టిగోడలు. కోడలు ఏడ్చింది. నేను వాసాలు మోశాను. అక్కడ నిలబడితే నేనూ ఏడుస్తానని తెలుసు.

అలా ఆ ఇల్లు మాకు ఖాయమైపోయింది. బరకం కింద నేను, కొడుకు, కోడలు, బడికెళ్లే మనవరాలు. దాని పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో వేసి మేకుకి తగిలించాను.

గ్రామసభ పెట్టినప్పుడు వెళ్లాను. ఆడవాళ్లు వెనక కూర్చుంటారు. నేను ముందుకెళ్లి నిలబడ్డాను.

"మా ఇంటి బిల్లు ఏమైందండి?"

మండలం నుంచి వచ్చిన అధికారి ఒకాయన ఇంటి నంబరు అడిగి చూశారు. "మీది పూర్తయిన ఇల్లండి. అది క్లోజ్ అయిపోయింది."

"డబ్బు ఇవ్వకుండా ఎలా క్లోజ్ చేశారండి?"

"పూర్తయిందని మీ ఊరి నుంచే ఎక్కించారు కదా."

సెక్రటరీగారిని చూశాను. ఆయన ఇంజనీరు అమ్మాయిని చూశారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది. "పై నుంచి ఎక్కించమన్నారండి" అంది.

"పై నుంచి అంటే ఎవరు?" అని నేనడగలేదు, ఆ అధికారే అడిగారు. ఆయనకి తెలియక కాదు. ఆ పిల్ల చేత ఎవరి పేరూ పలికించకుండా కూర్చోబెట్టడానికి. అది తలొంచుకుని కూర్చుంది. కొన్నాళ్లకి బదిలీ అయి వెళ్లిపోయింది. వెళ్లే ముందు మా ఇంటికొచ్చి, "మామ్మగారూ, నన్ను తిట్టుకోకండి" అంది.

"నిన్ను తిడితే నాకు శ్లాబు పడుతుందా? వెళ్లమ్మా, జాగ్రత్త" అన్నాను. మజ్జిగ ఇచ్చాను. తాగింది. ఇంతకంటే మంచి మాట నా నోట రాలేదు, ఆ రోజు అంతకంటే రాకూడదు కూడా.

వానలు పట్టాయి. మెరక తోలినా చేను చేనే, వీధి మొత్తం నీళ్లు నిలిచాయి. బరకం మధ్యలో నీళ్లు కుంగి పొట్టలా వేలాడేవి. కర్రతో పైకి తోస్తే ఒక్కసారిగా బయటికి పోయేవి. మా అబ్బాయి రేకులు వేద్దామన్నాడు.

"వేస్తే ఇంక శ్లాబు డబ్బు రాదు. రేకులిల్లు కట్టుకున్నారని రాస్తారు" అన్నాను.

"ఇప్పుడేం రాశారమ్మా? శ్లాబు ఉందనే రాశారు కదా."

"అందుకే వద్దంటున్నాను. లేనిది లేనట్టే కనపడాలి."

"ఎవరికి కనపడాలి? చూసేవాడేడి? దానికి జలుబు తగ్గట్లేదు, చూడు" అని మనవరాలిని చూపించాడు.

వాడి మాట నిజం. నా మాట కూడా నిజమే. ఎలక్షన్లు దగ్గరపడ్డాయని కోడలికి ఆగిపోయిన జీతంలో కొంత పడింది. ఆ డబ్బుతో వెనక గదికి రేకులు వేశాం. పిల్ల పడుకునేది అక్కడే. ముందు గదికి మాత్రం వేయనివ్వలేదు. వీధులూడ్చిన డబ్బు మా ఇంటికి సగం కప్పయింది. ఇల్లు కట్టుకోమని ఇస్తామన్న డబ్బు ఒక ఫొటో అయి మిగిలింది.

ఆ తర్వాత ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు పాతవాళ్ల ఇళ్ల లెక్కలన్నీ తేలుస్తామన్నారు. నాకు ఆశ పుట్టలేదని చెబితే అబద్ధం. ఒకరోజు ఒకతను ఫోను పట్టుకుని మా వీధికి వచ్చాడు. కొత్త సర్వే.

"నమస్కారం మామ్మగారూ. పేరు చెప్పి ఒకసారి ఇంటి ముందు నిలబడండి. ఫొటో తీసుకోవాలండి."

"ముందు నిలబడను బాబూ. వెనకవైపుకి రా. పక్క నుంచి తియ్యి, కప్పు లేదని తెలుస్తుంది. కావాలంటే లోపలికి రా, పైకి తియ్యి."

అతను లోపలికొచ్చాడు. బరకం చూశాడు, వెనక గదిలో రేకులు చూశాడు. పాపం, మంచివాడే. "నాకు కనపడుతోందండి. కానీ యాప్‌లో ముందు గుమ్మం, మీ మొహం పడాలండి. వేరేగా తీస్తే తీసుకోదు."

"నీకు కనపడింది కదా, అది రాయి."

"రాయడానికి చోటు లేదండి అందులో."

"అయితే ఇంతకుముందు తీసిన ఫొటోలోనూ ఇలాగే నిలబడ్డాను. ఏమైందో తెలుసా? నా పాక పోయింది. మళ్లీ నిలబడను."

"నిలబడకపోతే ఎలాగండి మరి? యజమాని ఇంట్లో లేరని పెట్టాల్సొస్తుంది. మళ్లీ వాళ్ల చుట్టూ వీళ్ల చుట్టూ మీరే తిరగాలి."

"పెట్టుకో నాయనా. లేని కప్పు ఉందని పెట్టారు. ఉన్న నేను లేనని పెట్టు."

కోడలు అప్పుడే చీపురుతో వీధిలోంచి వచ్చింది. "అత్తా, ఒక్క ఫొటోకి ఏం పోద్ది?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. అతను ఫోనులో ఏదో నొక్కి, పక్కింటికి వెళ్లాడు. వదిన అప్పటికే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, రంగు వెలిసిన సజ్జ కింద నిలబడి ఉంది.

మబ్బు పట్టింది. ముందు గదిలో బరకం కుంగే చోట ఇత్తడి గిన్నె పెట్టాను.